గోల్‌పోస్టు వెనక బిసేసర్ కాకా

బిసేసర్ కాకా తిట్టకుండా ఉండలేడు. కొందరికి పొద్దున లేవగానే చాయ్ పడాలి, కొందరికి చుట్ట పడాలి. కాకాకి ఎవర్నో ఒకర్ని తిట్టాలి. ఎవరూ దొరక్కపోతే వానని తిడతాడు. వాన వెలిస్తే, చెప్పాపెట్టకుండా వెలిసినందుకు ఇంకో రెండు తిడతాడు.

అలాగని ఆ తిట్లలో బూతు కోసం వెతికితే దొరకదు. అమ్మనీ అక్కనీ లాక్కొచ్చేది తిట్టు కాదు, ఒట్టి బద్ధకం అంటాడు. ఆయన తిట్టు ఇంట్లో సామాను దగ్గర మొదలవుతుంది. ఒకసారి మా సెంటర్ ఫార్వర్డ్ పరుగు చూసి, "మా ఇంట్లో బీరువాని పక్క గదిలోకి జరిపినప్పుడు ఇంతకన్నా వేగంగా కదిలిందిరా" అన్నాడు. అంతే, మా దీవిలోని ఈ వైనసా ఊళ్ళో ఆ మనిషి అసలు పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, చర్చిలో పెద్దమనిషి అయ్యాడు. ఇప్పటికీ ఆదివారం పూట, "బీరువా గారు ప్రార్థన చదువుతారు" అనే చెబుతారు.

చక్కెర మిల్లు వెనక ఉంది మా గ్రౌండు. తూర్పు వైపు రేకుల షెడ్డు, దాని పక్కనే గోల్‌పోస్టు, దాని వెనక ఇనప కంచె. ఆ కంచె పట్టుకుని నిలబడితే అది కాకా స్థలం. చంకలో నల్ల గొడుగు ఉంటుంది. ఎండకీ విప్పడు, వానకీ విప్పడు. అది తడవకుండా ఉండటానికి కాదు, చూపించి తిట్టడానికి.

అంతకుముందు ఆయన బస్సు డ్రైవరు. ఓసారి పెళ్ళివారితో నిండిన బస్సు ఏటి వంతెన దగ్గర ఆగిపోయింది. ముహూర్తం దాటిపోతోంది. మగాళ్ళు కొట్టడానికి చొక్కా చేతులు మడుస్తున్నారు. చేరి వారం కూడా కాని కండక్టరు కుర్రాడు తలుపు దగ్గర వణుకుతున్నాడు. ఎవరైనా నోరు తెరిచేలోపే కాకా సీట్లోంచి లేచాడు. "ఏరా, నీ పాదం పెట్టిన వేళే ఇంజను చచ్చిందిరా. నువ్వు మనిషివా, పంచరువా?" అని మొదలెట్టి, ఆపకుండా అరగంట వాయించాడు. చివరికి పెళ్ళికూతురి మేనత్త లేచి, "పాపం ఆ పిల్లాడు ఏం చేశాడయ్యా, నోరుముయ్యి" అని కాకా మీద విరుచుకుపడింది. ఇంకొకావిడ పెళ్ళికి తీసుకెళ్తున్న పూరీలు మూట విప్పి కుర్రాడి చేతిలో పెట్టింది. చేతులు మడిచిన మగాళ్ళంతా దిగి బస్సు తోశారు. ఇంజను చెడితే కండక్టరేం చేస్తాడని కాకాని ఎవరూ అడగలేదు. ఆయన నోరే అంత, ఏం చేస్తాం అనుకున్నారు.

ఇలైసా కోచ్‌గా వచ్చిన ఏడు ఈ నోరే అతని ప్రాణానికొచ్చింది.

ఇలైసా మా ఊరివాడే. చిన్నప్పుడు మా జట్టులోనే కుడి వైపు పరిగెత్తేవాడు. తర్వాత ఆక్లాండు వెళ్ళి, కోచింగు నేర్చుకుని, మెడలో విజిలూ మొహంలో గాంభీర్యమూ వేలాడేసుకుని తిరిగొచ్చాడు. వచ్చి చూస్తే జట్టులో ఇరవై ఎనిమిది మంది ఉన్నారు. ఒకడు కమిటీ మెంబరు బావమరిది, ఇంకొకడు ఆ బావమరిదికి తోడు. బయటి ఊళ్ళో ఆటకి వెళ్తే టీము బస్సులో ఆడేవాళ్ళకి సీట్లు దొరికేవి కావు. ఒకాయనైతే ఏళ్ళ తరబడి బూటు విప్పిందీ లేదు, వేసిందీ లేదు. ఆట అయ్యాక పెట్టే మేకకూర కోసం వచ్చేవాడు.

మరోపక్క స్కూలు గ్రౌండులో మా అకాడమీ కుర్రాళ్ళు ఉన్నారు. పిల్లల కప్పు గెలిచారు. వాళ్ళని చూడ్డానికి ఎవరూ వెళ్ళరు, వాళ్ళకి మేకకూరా ఉండదు.

"ఇరవై మంది చాలు. సగం మంది అకాడమీ వాళ్ళే ఉంటారు" అన్నాడు ఇలైసా.

క్లబ్బు ప్రెసిడెంటు శివ్‌రాజ్ చంద్ కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడు నాయనా. సీజనుకి ఐదే ఆటలు, మనం ఇప్పటికే కింది డివిజన్‌లోకి జారే అంచున ఉన్నాం. జారామా, నిన్ను నేనే స్వయంగా విమానం ఎక్కిస్తా. నీ కుర్రాళ్ళు మళ్ళీ స్కూలు గ్రౌండుకి పోతారు."

"జారకపోతే?"

"జారకపోతే వాళ్ళ జోలికి ఎవరూ రారు. కమిటీలో నేను చూసుకుంటా."

సరేనన్నాడు ఇలైసా. అక్కడే ఒక పొరపాటు చేశాడు. తీసేసిన పద్దెనిమిది మందికీ ఫోనులో ఒకే మెసేజీ పెట్టాడు. 'మీ సేవలకు ధన్యవాదాలు. ఈ సీజనుకు మీరు జట్టులో లేరు. కోచ్.'

వైనసాలో పక్కింటి మామిడికొమ్మ కొట్టాలన్నా యాంగోనా మొక్క వేళ్ళ కట్ట ఒకటి పట్టుకుని వెళ్తాం. చాప మీద కూర్చుంటాం. ఆ వేళ్ళు దంచి కొయ్యగిన్నెలో కలిపిన మట్టిరంగు నీళ్ళు తలా ఒక కొబ్బరిచిప్పెడు తాగుతాం. అప్పుడు కొమ్మ సంగతి ఎత్తుతాం. ఇలైసాకి ఇది తెలియక కాదు. పద్దెనిమిది ఇళ్ళల్లో పద్దెనిమిది గిన్నెల ముందు కూర్చుంటే సీజను అయ్యేదాకా లేవలేనని భయపడ్డాడు.

ఆ మెసేజీ వచ్చినప్పుడు తోమాసి బేకరీలో పిండి కలుపుతున్నాడు. తోమాసి అంటే మా గోల్ కీపరు. కొండంత మనిషి, పిల్లిలాంటి స్వభావం. చేతులు పిండిలో ఉన్నాయని భార్యని చదవమన్నాడు. ఆవిడ చదివింది. ఆయన మళ్ళీ పిండిలోకి వంగాడు. ఆ రోజు వైనసా ఊరంతా ఉప్పులేని రొట్టె తిన్నది, రొట్టె తిన్న ప్రతివాడికీ సంగతి తెలిసిపోయింది.

"మా తోమాసిని ఫోనులో తీసేస్తాడా? నేను చేపని అమ్మినా దాని మొహం చూసి అమ్ముతాను" అని అతని మేనత్త లీతియా మార్కెట్లో చేమదుంపల కుప్ప వెనకనుంచి ఊరంతటికీ వినిపించేలా అంది. తోమాసికి ఉన్న చుట్టాలతో ఇంకో రెండు జట్లు కట్టొచ్చు. వాళ్ళంతా శనివారం ఆటకి వస్తామన్నారు. ఆట చూడ్డానికి కాదు, తోమాసి స్థానంలో నిలబడ్డ పిల్లాణ్ణి గేలి చెయ్యడానికి.

ఆ సాయంత్రం ప్రాక్టీసు దగ్గరికి కాకా వచ్చాడు. గొడుగు తీసి ఇలైసా వైపు చూపించాడు.

"ఏరా, మనిషిని ఫోనులో దింపేస్తావా? టిక్కెట్టు లేనివాణ్ణి కూడా నేను బ్రేకు వేసి దింపేవాణ్ణిరా. నువ్వు నడుస్తున్న బస్సులోంచి తోసేశావు."

"కాకా, ఇది ఫుట్‌బాల్. మీకు తెలీదు."

"నాకు తెలీదా? నువ్వు బూట్ల తాళ్ళు కట్టుకోవడం రాక పరిగెత్తి పడ్డప్పుడు ఈ కంచె దగ్గరే ఉన్నాను."

కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. ముసలాయన కూడా తనకి ఎదురు తిరిగాడని ఇలైసా మనసులో రాసుకున్నాడు.

శనివారం వచ్చింది. రేకుల షెడ్డు కింద తోమాసి బలగం దిగింది. లీతియా ఖాళీ బిస్కెట్ల డబ్బా, కొట్టడానికి గరిటె తెచ్చుకుంది. గోల్‌లో ఎపెలీ నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళవాడు, ఏటి మూల ఊరివాడు, చెరకుగడంత పొడుగు, దాదాపు అంతే లావు.

ఆట మొదలై ఇంకా చాయ్ గ్లాసు చల్లారలేదు. ఎదుటి జట్టువాడు దూరంనుంచి ఊరికే తోసిన బంతి గడ్డిలో పాక్కుంటూ వచ్చింది. ఎపెలీ వంగాడు. బంతి వాడి చేతుల కిందనుంచి, కాళ్ళ మధ్యనుంచి, తలవంచుకుని వెళ్ళినట్టు లోపలికి వెళ్ళింది. షెడ్డు కింద జనం ఊపిరి పీల్చారు. లీతియా గరిటె ఎత్తింది.

అప్పుడే కంచె దగ్గర కాకా నోరు విప్పాడు.

"ఏరా ఎపెలీ, బంతిని ఆపమంటే దారి చూపిస్తావేంట్రా? నువ్వు గోల్ కీపర్‌వా, హోటల్లో సర్వర్‌వా? రండి సార్, ఫ్యాను కింద కూర్చోండి సార్ అని లోపల కూర్చోబెట్టావు కదరా. మా ఇంటి గేటు నయం. అది విరిగి ఏడాదయింది, అయినా కుక్కని ఆపుతుంది. ఆ చేతులేంట్రా, నెయ్యి రాశారా? ఆ చేతులతో దణ్ణం పెట్టినా జారిపోతుంది."

ఆపడే. గొడుగు ఊపుతూ తిడుతూనే ఉన్నాడు. మొదట జనం నవ్వారు. తర్వాత ఇబ్బందిగా కదిలారు. ఎత్తిన గరిటె లీతియా చేతిలో అలాగే ఉండిపోయింది. గేటు అయిపోయి, మంచం అయిపోయి, చిల్లుల బకెట్టు దగ్గరికి వచ్చేసరికి ఇక ఆవిడ తట్టుకోలేకపోయింది.

"ఏయ్ ముసలాయనా, పసివాడయ్యా. మొదటి ఆట. అది నోరా, మిల్లు గొట్టమా?"

"మధ్యలో నువ్వెవరమ్మా, చేమదుంపా?"

అంతే. తోమాసి బలగమంతా లేచింది. కాకా ఒక తిట్టు తిడితే వాళ్ళు పది తిట్టారు. బిస్కెట్ల డబ్బా దడదడా మోగింది, కానీ ఎపెలీ కోసం మోగింది. "ఎపెలీ, ఆ ముసలోడి మాట వినకు నాయనా, నువ్వు ఆడు" అని అరిచారు. ఎపెలీ ఆ తర్వాత బంతిని ఒక్కటి కూడా వదల్లేదు. ఆట సమానంగా ముగిసింది.

ఇలైసా ఇదంతా చూడలేదు. అతను చూసిందల్లా ఒకటే. కాకా తిడుతుంటే ఆ పిల్లాడు గ్లవ్స్‌లో మొహం దాచుకున్నాడు, భుజాలు వణుకుతున్నాయి. ఏడుస్తున్నాడనే అనుకున్నాడు ఇలైసా.

తర్వాతి రెండు ఆటలూ అలాగే జరిగాయి. ఎవరు తప్పు చేస్తే వాడి మీద కాకా పడ్డాడు, జనం కాకా మీద పడ్డారు. ఇలైసా ప్రెసిడెంటు దగ్గరికెళ్ళాడు.

"ఆయన గ్రౌండులోకి రాకూడదు. నా కుర్రాళ్ళని చంపేస్తున్నాడు."

"ఆ గ్రౌండులో గడ్డి మొలవకముందు నుంచీ ఉన్నాడయ్యా ఆయన" అని ప్రెసిడెంటు నసిగాడు. కానీ చివరికి ఒప్పుకున్నాడు. ఆ మాట చెప్పే పని మాత్రం ఇలైసాకే అప్పజెప్పాడు.

ఇలైసా భయపడుతూనే చెప్పాడు. ఊరికి ఒక ఏడాదికి సరిపడా తిట్లు ఇవాళే వింటాననుకున్నాడు. కాకా తిట్టలేదు. గొడుగు చంకలో సర్దుకున్నాడు.

"మరి ఆ పిల్లాణ్ణి ఎవరు చూసుకుంటారు?"

"నేను చూసుకుంటాను."

"నీకంత నోరు ఎక్కడిదిరా" అని వెళ్ళిపోయాడు.

కాకా లేని శనివారం గ్రౌండు బావురుమంది. ఎపెలీ ఒక కార్నర్ బంతిని అందుకోబోయి జారవిడిచాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. తిట్టేవాడు ఎవరూ లేరు. ఆ ఖాళీలోకి షెడ్డు కిందనుంచి గేలిగా ఒక "ఊ" లేచింది. పక్కవాళ్ళు అందుకున్నారు. ఈసారి బిస్కెట్ల డబ్బా వేరే రకంగా మోగింది. "తోమాసి, తోమాసి" అని గ్రౌండంతా ఒకటే గొంతు. ఎపెలీ భుజాలు వణకలేదు. రాయిలా నిలబడిపోయాడు. నాలుగు గోల్స్ వాడి పక్కనుంచి వెళ్ళాయి, చివరి రెండింటికి వాడు కదల్లేదు కూడా. ఇలైసా గీత దగ్గర నిలబడి విజిలు కొరుక్కున్నాడు.

ప్రెసిడెంటు ఆ సాయంత్రమే తేల్చేశాడు. "ఇక ఒక్క ఆట ఉంది. సమానమైనా గట్టెక్కుతాం, ఓడితే జారిపోతాం. ఆ పిల్లాణ్ణి తీసెయ్. తోమాసిని పిలువు."

ఇలైసాకి ఎదురు చెప్పే ఓపిక లేకపోయింది. రాయిలా నిలబడ్డ ఆ పిల్లాడే కళ్ళముందు ఉన్నాడు. తీసెయ్యడమే వాడికి మంచిదేమో అనిపించింది. కానీ ఈసారి ఫోను ముట్టుకోలేదు. శుక్రవారం మధ్యాహ్నం మార్కెట్‌కి వెళ్ళి, పేపర్లో చుట్టి రిబ్బను కట్టిన యాంగోనా కట్ట కొన్నాడు. వాడింటికే వెళ్ళి, చాప మీద కూర్చుని చెబుదామనుకున్నాడు.

మార్కెట్లో కాకా భార్య సుమింత్ర కాకీ ఎదురైంది. చేతిలో సొరకాయ ఉంది. దాన్ని అక్కడే పెట్టి ఇలైసా చెయ్యి పట్టుకుంది.

"నాయనా, నీకు పుణ్యముంటుంది, ఆయన్ని వెనక్కి తీసుకో. శనివారం తిట్లన్నీ ఇంట్లోనే తిడుతున్నాడు. కుక్కర్ని తిట్టాడు, అది విజిలెయ్యడం మానేసింది. నా గుమ్మడి తీగని తిట్టాడు, పూత రాలిపోయింది. గొంతు బొంగురుపోయింది, అయినా ఆపడు. నిన్న నన్ను కూడా తిట్టబోయి, మొహం చూసి గోడ వైపు తిరిగాడు."

"ఇప్పుడు ఎక్కడున్నాడు కాకీ?"

"శుక్రవారం కదా, ఎక్కడికో పోతాడు. కొట్లో కట్ట కొనుక్కుని పోతాడు. ఎక్కడికని అడిగితే నన్ను తిడతాడు."

ఇలైసాకి నవ్వు రాలేదు. బస్సెక్కి ఏటి మూల ఊరికి వెళ్ళాడు. ఎపెలీ వాళ్ళ ఇంటి మెట్ల దగ్గర చెప్పులు విప్పబోయి ఆగాడు. అక్కడ చెప్పుల పక్కన ఒక నల్ల గొడుగు ఉంది. లోపల్నుంచి బొంగురు గొంతు వినిపిస్తోంది.

"ఇది విను. నువ్వు గాల్లోకి ఎగిరితే, తాడు తెగిన బట్టల దండెం లాగా ఉన్నావురా. ఎలా ఉంది?"

"బాగుంది కాకా. కానీ గేటు తిట్టు మళ్ళీ వద్దు. మూడుసార్లు వాడేశారు. జనం ముందే నవ్వేస్తున్నారు" అన్నది ఎపెలీ గొంతు.

"సరే, గేటు తీసేస్తా. సర్వర్ ఉండనీ?"

"సర్వర్ ఉండనివ్వండి. అది విన్నప్పుడు నాకు నవ్వాగదు, గ్లవ్స్ అడ్డం పెట్టుకోవాల్సి వస్తోంది."

ఇలైసా గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. లోపల చాప మీద కొయ్యగిన్నె, దాని చుట్టూ కాకా, ఎపెలీ, ఎపెలీ తాత. ముగ్గురూ తలెత్తి చూశారు. కాకా మొహం, దొంగతనంగా పంచదార తింటూ పట్టుబడ్డ పిల్లాడి మొహంలా అయింది.

"రా బాబూ, కూర్చో" అన్నాడు తాత. "ఈయన మొదటి ఆటకి ముందు శుక్రవారం వచ్చాడు. కట్ట ముందు పెట్టి, 'అయ్యా, రేపు మీ మనవణ్ణి నోటికొచ్చినట్టు తిట్టబోతున్నాను, ముందే క్షమించండి' అన్నాడు. నా జన్మలో ఇంతమంది క్షమాపణ అడిగారు గానీ, తప్పు చెయ్యకముందే అడిగినవాణ్ణి చూళ్ళేదు. క్షమించాను. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం క్షమిస్తూనే ఉన్నాను."

ఇలైసా చాప అంచున కూర్చున్నాడు. "ఎందుకు కాకా?"

కాకా గిన్నె వైపు చూస్తూ చెప్పాడు. "జనం కోపంగా వచ్చారా, అది ఎవరో ఒకరి మీద పడాల్సిందే. బస్సు ఆగినా అంతే, బంతి జారినా అంతే. అందరికన్నా ముందు, అందరికన్నా ఘోరంగా నేను తిట్టేశాననుకో, ఇక వాళ్ళకి తిట్టడానికి సిగ్గేస్తుంది. ఆ కోపం నా మీదికి తిప్పుతారు. నాకేమిటి, తోలు మందం. మీ కాకీతో కాపురం చేశాను."

"ఇప్పుడు మిమ్మల్ని లోపలికి రానివ్వడం లేదు కదా. మరి ఈ ప్రాక్టీసు ఎందుకు?"

"గోడ అవతల చెరకు లారీ ఆగుతుంది. దాని మీదెక్కి తిడదామనుకున్నా."

ఇలైసాకి ఏదో గుర్తొచ్చింది. తను కూడా పద్దెనిమిదేళ్ళప్పుడు ఇదే గ్రౌండులో ఖాళీ గోల్ ముందు బంతిని మిల్లు వైపు తన్నాడు. కంచె దగ్గర్నుంచి, "ఏరా, చెప్పుల స్టాండా, దానికైనా కాళ్ళు నేల మీద ఆనుతాయిరా" అని వినిపించింది. ఆ రోజు షెడ్డంతా లేచి తన పేరే అరిచింది. ఆ చెప్పుల స్టాండు మాటని ఆక్లాండు దాకా మోసుకెళ్ళాడు, షెడ్డు అరుపుని మాత్రం ఇక్కడే వదిలేశాడు.

"కాకా, అప్పుడు మా ఇంటికి కూడా వచ్చారా?"

"రాక? మీ అమ్మ చాప వేసింది. 'మావాడికి మాత్రం చెప్పకండి, వాడికి నవ్వాపుకోవడం రాదు, గ్రౌండులోనే బయటపడిపోతాడు' అంది. నిజమేరా, అప్పట్లో నువ్వు ఊరికే నవ్వేవాడివి. విమానమెక్కి పోయి మానేశావు."

ఇలైసా ఒళ్ళో ఉన్న కట్టని ఇటూ అటూ తిప్పాడు. కాకా ఆ కట్ట వైపు గెడ్డంతో చూపించాడు.

"అదేమిటి? ఈ పిల్లాణ్ణి తీసెయ్యడానికి తెచ్చావా?"

ఎపెలీ తల దించుకున్నాడు. ఇలైసా అబద్ధం చెప్పలేదు. "అవును కాకా. అందుకే తెచ్చాను."

"ఇల్లు తప్పి వచ్చావురా. ఈ కట్ట పోవాల్సిన ఇల్లు వేరే ఉంది. సీజను మొదట్నుంచీ అక్కడ ఎదురుచూస్తున్నారు. లే."

తోమాసి ఇంట్లో దీపాలు పెట్టే వేళకి ముందే ఇద్దరూ అక్కడికి చేరారు. లీతియా గుమ్మంలోనే ఉంది. దారివ్వలేదు, అడ్డమూ నిలబడలేదు. ఇలైసా వంగి లోపలికి వెళ్ళి, కట్ట తోమాసి ముందు పెట్టి, తల వంచాడు. అలాంటి కట్టని అవతలివాడు ముట్టుకుంటే క్షమించినట్టు. ముట్టుకోకపోతే అలాగే లేచి పోవాల్సిందే.

"తప్పు చేశాను తోమాసి అన్నా. నీ మొహం చూసి చెప్పాల్సిన మాట ఫోనులో చెప్పాను."

తోమాసి చేతులకి పిండి అంటుకుని ఉంది. వాటితోనే మోకాళ్ళు నిమురుకున్నాడు.

"నేనే తప్పుకుందామనుకున్నాను కోచ్" అన్నాడు మెల్లగా. "మోకాళ్ళు ఎప్పుడో పోయాయి. ఎవరైనా వచ్చి, పక్కన కూర్చుని, ఇక చాలు అన్నా అంటే, సరే అందామని చూస్తున్నాను." ముందుకి వంగి రెండు చేతులతో కట్ట అందుకున్నాడు. పేపరంతా పిండి అయింది. "రేపు గోల్‌లో ఎవరు?"

ఇలైసాకి ప్రెసిడెంటు మొహం గుర్తొచ్చింది, విమానం గుర్తొచ్చింది. "ఎపెలీ" అన్నాడు.

"మంచిది. వాడు నాకన్నా ఎత్తు ఎగురుతాడు" అని తోమాసి గిన్నె తెమ్మన్నాడు. లీతియా గిన్నెతోపాటు కొత్త రొట్టె కూడా తెచ్చి పెట్టింది. అందులో ఉప్పు ఉంది.

మర్నాడు గ్రౌండులో చీమ దూరే సందు లేదు. కాకా తన కంచె దగ్గరికి వచ్చాడు. గేటు దగ్గర అడ్డుకోబోయినవాణ్ణి ఇలైసాయే పక్కకి లాగాడు. గోల్‌లో ఎపెలీని చూసి ప్రెసిడెంటు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు, ఆ తర్వాత ఆట అయ్యేదాకా తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆట మొదలయ్యాక మా జట్టువాడొకడు వెనక్కి ఇచ్చిన బంతిని ఎపెలీ తన్నబోయి గడ్డిని తన్నాడు. బంతి మెల్లగా దొర్లుకుంటూ గోల్‌లోకి పోయింది. కాకా గొడుగు ఎత్తి నోరు తెరిచాడు. గాలి వచ్చింది, మాట రాలేదు. వారం రోజులు కుక్కర్నీ గుమ్మడి తీగనీ తిట్టీ తిట్టీ గొంతు పూర్తిగా పోయింది. మళ్ళీ తెరిచాడు. పాత తలుపు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు వచ్చింది.

గ్రౌండు నిశ్శబ్దమైంది. పడమటి వైపు ఎక్కడో "ఊ" మొదలైంది. ఎపెలీ భుజాలు బిగుసుకుంటున్నాయి. కాకా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసినవాళ్ళు వైనసాలో అప్పటిదాకా లేరు.

అప్పుడు రేకుల షెడ్డు కింద తోమాసి లేచాడు. ఆయన జన్మలో ఎవర్నీ తిట్టి ఎరగడు. రెండుసార్లు దగ్గి, ఎలుగెత్తాడు.

"ఏరా ఎపెలీ. నీ కాళ్ళు... నీ కాళ్ళు నేను కలిపిన పిండిముద్దల్లా ఉన్నాయిరా. కానీ నా పిండి బంతికి అంటుకుంటుంది, నీ కాళ్ళు అదీ చెయ్యవు."

జనం తలలన్నీ తోమాసి వైపు తిరిగాయి. తర్వాత షెడ్డంతా పగలబడి నవ్వింది. తోమాసికి దెబ్బకి ధైర్యం వచ్చి ఇంకోటి తిట్టాడు. పక్కనున్న బీరువా గారు చర్చి గొంతుతో అందుకున్నారు. తీసేసిన పద్దెనిమిది మందిలో వచ్చినవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు లేచి తలా ఒకటి అర్పించారు. మేకకూర మనిషి కూడా ఏదో అన్నాడు, అది కూర గురించే. కాకా కంచె దగ్గర నిలబడి, గొంతు లేకపోయినా గొడుగుతో ఎవరు ఎప్పుడు అందుకోవాలో చూపిస్తున్నాడు. లీతియా లేచి, "మీ అందరికీ సిగ్గులేదూ, పసివాడ్ని పట్టుకుని" అని డబ్బా అందుకుంది. ఇక ఆ డబ్బా ఆగలేదు.

ఎపెలీ గ్లవ్స్‌లో మొహం దాచుకున్నాడు. భుజాలు వణికాయి. గీత దగ్గర ఇలైసా అది చూసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

రెండో సగంలో అకాడమీ కుర్రాడొకడు తలతో గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఆఖర్లో ఎదుటివాళ్ళకి పెనాల్టీ దొరికింది. ప్రెసిడెంటు రుమాలుతో కళ్ళు మూసుకున్నాడు. ఎపెలీ చెరకుగడంత ఒళ్ళంతా ఎడమకి విసిరి, వేలికొసలతో బంతిని బయటికి తోశాడు. విజిలు మోగింది. మేము జారలేదు.

జనమంతా లోపలికి పరిగెత్తారు. కాకా మెల్లగా నడిచి వెళ్ళి, ఎపెలీ చెవి పట్టుకుని వంచి, లేని గొంతుతో గుసగుసగా అన్నాడు. "గేటు బాగుపడిందిరా." తర్వాత తోమాసి వైపు తిరిగి, పిండి తిట్టులో కాళ్ళు ముందు రావాలా పిండి ముందు రావాలా అని చేతులతో చాలాసేపు పాఠం చెప్పాడు.

మరుసటి సీజను మొదటి ఆట పోయినేటి ఛాంపియన్లతో పడింది. ముందురోజు శుక్రవారం మధ్యాహ్నం ఇలైసా ఇంటి గేటు చప్పుడైంది. వెళ్ళి చూస్తే కాకా. చంకలో గొడుగు, చేతిలో రిబ్బను కట్టిన కట్ట.

"ఎపెలీ ఇల్లు అటు కదా కాకా" అన్నాడు ఇలైసా.

"వాడికేం, వాణ్ణి ఇప్పుడు ఊరంతా మోస్తోంది. రేపు మనం ఓడతాంరా, ఎలా చూసినా ఓడతాం. ఓడితే జనం పడేది నీ మీద. అందుకని ముందే వచ్చాను. చాప వెయ్యి."

ఇలైసా చాప వేశాడు. కాకా కూర్చుని, కట్ట ముందు పెట్టి, పద్ధతిగా తల వంచి, రేపు తిట్టబోతున్నందుకు క్షమించమని అడిగాడు. ఇలైసా కట్ట అందుకున్నాడు.

"ఏమని తిడతారు?"

కాకా గొంతు సవరించుకుని చెప్పాడు. అందులో ఒక విజిలు ఉంది, ఒక కుక్కరు ఉంది, విజిలు వేసినా అన్నం ఉడకని సంగతి ఉంది. వినేసరికి ఇలైసా పొట్ట పట్టుకుని చాప మీద దొర్లాడు. ఆక్లాండు నుంచి వచ్చాక అతను అలా నవ్వడం అదే మొదటిసారి.

కాకా గొడుగు తీసి అతని వైపు చూపించాడు.

"ఇప్పుడే నవ్వుకో. రేపు గ్రౌండులో ఇలా నవ్వావంటే మాత్రం నిజంగానే తిడతాను."